నాలుగో ఘాతం కోసం: నూనె టిన్ను, కర్పూరం మసి, ఇండికేటర్ బల్బు

ఇందులో రెండు ప్రయోగాలున్నాయి. మొదటిది 1804లో జాన్ లెస్లీ ప్రచురించినదే: వేడినీళ్ల డబ్బా నాలుగు ముఖాలూ ఒకే వేడిలో ఉన్నా, ఒక్కో ముఖం ఒక్కోలా వికిరణం చేస్తుందని, అంటే వేడిని కిరణాల రూపంలో వదులుతుందని చూపించడం. రెండోది బల్బు ఫిలమెంటుతో. అది వదిలే శక్తి, కెల్విన్‌లో కొలిచిన ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుందా లేదా అన్న ప్రశ్న. ఈ నియమాన్ని స్టెఫాన్ 1879లో కొలతల నుంచి పట్టుకున్నాడు, బోల్ట్‌జ్‌మన్ 1884లో దాన్నే సిద్ధాంతపరంగా రాబట్టాడు.

ప్రాక్టికల్ రికార్డుల్లో రెండో ప్రయోగానికి గ్రాఫు వాలు "4" అని రాసి, కింద "నియమం నిరూపించబడినది" అని ముగిస్తారు. ముందే చెప్పేస్తున్నాం: టంగ్‌స్టన్ ఫిలమెంటుతో నిజాయితీగా కొలిస్తే సరిగ్గా 4 రాకూడదు. వచ్చిందంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయని అర్థం. ఆ తప్పులను విడదీసి చూడడమే ఈ డైరీ పని.

సామాను

వంటనూనె వచ్చే లీటరు చదరపు టిన్ను. ముఖం సుమారు 10 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. ఎత్తు. థిన్నర్, వార్నిష్ డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వద్దు. మసి పట్టించేటప్పుడు టిన్నును మంట దగ్గరికి తీసుకెళ్లాలి, మడతల్లో ఇరుక్కున్న కాస్త ఆవిరి చాలు భగ్గుమనడానికి.

ఎంఎల్‌ఎక్స్ 90614 పరారుణ సెన్సార్, చిన్న నీలం బోర్డు మీద వచ్చేది. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా దొరుకుతుంది. ఇది 5.5 నుంచి 14 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాలను మాత్రమే చూస్తుంది. రీడింగులు చదివే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో ఉనోకు నాలుగే తీగలు: కరెంటు, గ్రౌండు, ఎ4కి డేటా, ఎ5కి క్లాకు. నీళ్ల వేడికి డీఎస్18బి20 ప్రోబు, స్టీలు గొట్టంలో ఉండే రకం.

12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు. ఒంటి ఫిలమెంటుదే తీసుకోవాలి. బ్రేకు లైటుకు వాడే 21/5 వాట్ల బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, లెక్క గజిబిజి అవుతుంది. 0–15 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే సప్లై ఒకటి. మల్టీమీటర్లు రెండు, అందులో ఒకదానికి 200 మిల్లీవోల్టుల రేంజి తప్పనిసరిగా ఉండాలి.

మొదటి దశ: టిన్నుకు నాలుగు ముఖాలు

మసి ముఖంతోనే మొదలుపెట్టాలి. మిగతావి ముందు అంటిస్తే టేపు జిగురు, పెయింటు ఆ మంట వేడికి పాడవుతాయి. మట్టి ప్రమిదలో కర్పూరం బిళ్ళ వెలిగించి, ముఖాన్ని మంట కొసకు కాస్త పైన, పొగ దట్టంగా లేచే చోట పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. ఒకేచోట ఆపితే అక్కడ మసి మళ్లీ కాలిపోయి గోధుమరంగు మచ్చ మిగులుతుంది. ఆరుబయట చెయ్యండి, పక్కన నీళ్ల బక్కెట్టు ఉంచుకోండి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. రెండు బిళ్ళలు కాలేసరికే ముఖం కాటుకలా నల్లబడుతుంది, అయిపోయిందనిపిస్తుంది. కంటికి నలుపు, సెన్సార్‌కు నలుపు ఒకటి కావు. పలచని మసిపొర కంటికి కనిపించే వెలుగును మింగేస్తుంది గానీ, 10 మైక్రాన్ల పరారుణ తరంగాలను చాలావరకు దాటనిస్తుంది. అప్పుడు సెన్సార్‌కు మసి వెనకున్న మెరిసే తగరం కూడా కనిపిస్తుంది, రీడింగ్ తక్కువ చూపిస్తుంది. కంటికి నల్లబడ్డాక మరో ఐదారు బిళ్ళలు కాల్చాలి. మసి పొర మఖమలు గుడ్డలా, వెలుతురులో ఎక్కడా మెరవకుండా ఉండాలి. వేలు తగిలిందా, గీత పడుతుంది. ఆ ముఖాన్ని ఇక ముట్టుకోవద్దు.

రెండో ముఖానికి తెల్ల ఎనామిల్ పెయింటు, రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆరనిచ్చి. మూడో ముఖానికి ఏసీ డక్టులకు అంటించే అల్యూమినియం టేపు. వంటింటి రేకును ఫెవికాల్‌తో అంటిస్తే బుడగలు మిగులుతాయి. బుడగ మీది రేకు నీళ్ల వేడిని అందుకోదు. మరి రీడింగ్ తగ్గింది మెరుపు వల్లనా, చల్లగా ఉండడం వల్లనా తేల్చుకోలేం.

నాలుగో ముఖం ఉత్త తగరమే. అయితే దాని కింది సగాన్ని 400, తర్వాత 1000 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, పై సగాన్ని ఉన్నదున్నట్టు వదిలేశాం. కారణం రీడింగుల్లో తెలుస్తుంది.

రెండో దశ: 80 డిగ్రీల దగ్గర

గది 30, నీళ్లు 80 డిగ్రీల సెల్సియస్. ఎమిసివిటీ, అంటే పాఠ్యపుస్తకాల ఉద్గారత, పూర్తి నల్లటి వస్తువుతో పోలిస్తే ఎన్నో వంతు వికిరణం చేస్తుందో చెప్పే అంకె. సెన్సార్‌లో అది ఫ్యాక్టరీ నుంచి 1 గానే ఉంటుంది. దాన్ని మార్చలేదు, మార్చకపోతేనే తేడా కనిపిస్తుంది. ముఖానికి 2 సెం.మీ. దూరంలో పెట్టి తీసిన రీడింగులు, దగ్గరి పూర్ణాంకానికి:

మసి 78. తెల్ల పెయింటు 76. రుద్దిన తగరం 36. అల్యూమినియం టేపు 33. రుద్దని తగరం 58.

మసికీ తెల్ల పెయింటుకీ తేడా రెండే డిగ్రీలు. తెల్లరంగు వేడిని "వదలదు" అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. పెయింటు తెల్లగా ఉండేది అర మైక్రాను దగ్గర, అంటే ఎండ వెలుగు ఎక్కువగా ఉండే చోట. 80 డిగ్రీల వస్తువు వికిరణం వీన్ నియమం (వేడి పెరిగే కొద్దీ వికిరణ శిఖరం పొట్టి తరంగాల వైపు జరుగుతుంది) ప్రకారం 8.2 మైక్రాన్ల దగ్గర శిఖరానికి చేరుతుంది. అక్కడ ఎనామిల్ కూడా నలుపే. మేడ మీద సున్నం పూస్తే ఇల్లు చల్లబడే కిటుకు కూడా ఇదే: సున్నం పగలు ఎండను వెనక్కి కొడుతుంది, తన వేడిని మాత్రం పరారుణంలో బాగానే వదిలించుకుంటుంది. మెరిసే రేకు కప్పు ఎండను వెనక్కి కొట్టగలదు గానీ, ఎక్కిన వేడిని అంత తేలిగ్గా వదలదు.

ఇక రుద్దని తగరం. కంటికి రెండు సగాలూ ఒకేలా తళతళలాడుతున్నాయి, పైగా పై సగమే ఎక్కువ మెరుస్తోంది. అయినా సెన్సార్ 58 అంటోంది, పక్కనే రుద్దిన చోట 36. తుప్పు పట్టకుండా టిన్ను మీద పారదర్శకమైన లక్కలాంటి పూత వేస్తారు. కొన్ని మైక్రాన్ల మందమే, కంటికి ఆనదు, 10 మైక్రాన్ల దగ్గర మాత్రం అది సగం నలుపు. ఏ "మెరిసే" డబ్బాతోనైనా లెస్లీ ప్రయోగం ఆశించిన తేడా చూపకపోతే మొదట అనుమానించాల్సింది ఈ పూతనే.

రీడింగుల నుంచి ఎమిసివిటీ తీయడం కష్టమేం కాదు. అన్నీ కెల్విన్‌లోకి మార్చి, రీడింగ్ నాలుగో ఘాతంలోంచి గది నాలుగో ఘాతం తీసేసి, దాన్ని నీళ్ల నాలుగో ఘాతంలోంచి గదిది తీసేయగా వచ్చిన దానితో భాగించాలి. రుద్దిన తగరానికి 0.1, అల్యూమినియం టేపుకు 0.05, పూత ఉన్న సగానికి 0.5, తెల్ల పెయింటుకు 0.9, మసికి 0.95 వస్తాయి. వాట్లలో చెప్పాలంటే, 80 డిగ్రీల వేడిలో 10 సెం.మీ. భుజమున్న పూర్తి నల్లటి ముఖం 30 డిగ్రీల గదికి నికరంగా 4 వాట్లు ఇస్తుంది. అదే కొలత అల్యూమినియం టేపు 0.2 వాట్లు.

మసి 0.95 అని ఖాయం చేసుకునే ముందు ఒక మెలిక. నీళ్లను కలపకుండా వదిలేస్తే టిన్ను గోడ, మధ్యలో ఉన్న నీళ్ల కన్నా ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ప్రోబు మధ్యలో ఉంటుంది, సెన్సార్ గోడను చూస్తుంది. కాబట్టి ఆ రెండు డిగ్రీల లోటు మొత్తం మసి ఖాతాలో రాయకూడదు. ప్రతి రీడింగుకు ముందు గరిటెతో పది తిప్పులు తిప్పాలి. టిన్ను నిమిషానికి అర డిగ్రీ దాకా చల్లబడుతుంది కాబట్టి నాలుగు ముఖాలూ రెండు నిమిషాల్లో ముగించి, చివర్లో మొదటి ముఖాన్ని మళ్లీ చూడాలి. మొదటి, చివరి రీడింగులకు తేడా ఒక డిగ్రీ దాటితే ఆ విడత కొట్టేయండి.

సెన్సార్ పెట్టే తిప్పలు

ఈ సెన్సార్ మామూలు రకం చూపు కోణం 90 డిగ్రీలు. అంటే ఎంత దూరంలో పెడితే దానికి రెట్టింపు వ్యాసమున్న వలయాన్ని చూస్తుంది: 2 సెం.మీ.కు 4 సెం.మీ., 5 సెం.మీ.కు ముఖం మొత్తం. అది కూడా సున్నితత్వం సగానికి పడే హద్దు మాత్రమే. అంచు బయట నుంచి కూడా కాస్త వస్తూనే ఉంటుంది. దూరం నుంచి చూస్తే మసి "తగ్గిపోయినట్టు" కనిపించేది అందుకే, అది టిన్ను పక్కనున్న గోడను కూడా కలుపుకుంటోంది.

అలాగని దగ్గరే ఉంచేస్తే ఇంకో గొడవ. సెన్సార్ తన లోహపు డబ్బీ ఉష్ణోగ్రతతో పోల్చుకుని లెక్క కడుతుంది. ఆ డబ్బీ ఒక పక్క వేడెక్కి ఇంకో పక్క చల్లగా ఉంటే లెక్క తప్పుతుంది. ఐదు సెకన్లు చూపించి, వెనక్కి తీసి, అర నిమిషం ఆగండి. మధ్యలో ఆర్డుయినోలో సెన్సార్ సొంత ఉష్ణోగ్రతను కూడా ప్రింట్ చేయించుకోవాలి. అది గది కంటే రెండు డిగ్రీలు మించితే ఆగాల్సిందే.

ఫ్యాను ఆపాలి. వికిరణానికి గాలితో పని లేదు గానీ, టిన్ను గోడ చల్లబడే వేగం గాలిమీదే ఆధారపడుతుంది. 80 డిగ్రీల దగ్గర, ఫ్యాను లేకపోయినా గాలి మోసుకెళ్లే వేడి, నల్లటి ముఖం వికిరణంలో సగానికి పైనే ఉంటుంది.

అల్యూమినియం ముఖం ముందు అరచెయ్యి పక్కగా పెట్టి చూడండి, రీడింగ్ వెంటనే కదులుతుంది. మసి ముఖం ఉలకదు పలకదు. బాగా వికిరణం చేయలేనిది బాగా ప్రతిఫలిస్తుందని కిర్కాఫ్ 1859లో చెప్పినది ఇదే. రికార్డులో ఒక పేజీ వివరణ కన్నా ఈ చెయ్యి ఊపడం మేలు.

మూడో దశ: గ్లాసులో కృష్ణ వస్తువు

కృష్ణ వస్తువంటే తన మీద పడిన వికిరణాన్నంతా పీల్చుకునేది. మసి కన్నా నల్లనిది కావాలంటే రంగు అక్కర్లేదు, రంధ్రం చాలు. 7 సెం.మీ. వ్యాసం, 11 సెం.మీ. లోతు ఉన్న స్టీలు గ్లాసును మరిగే నీళ్లలో అంచు దాకా ముంచి ఉంచాలి. తేలిపోకుండా అడుగున రాయి కడితే సరి. దాని మీద 25 మి.మీ. రంధ్రం ఉన్న రేకు మూత పెట్టాలి. రంధ్రం వైశాల్యం లోపలి మొత్తం ఉపరితలంలో 1.5 శాతం. లోపలికి పోయిన కిరణం బయటపడేలోగా గోడలకు చాలాసార్లు తగులుతుంది, తగిలినప్పుడల్లా కొంత పీల్చుకుంటాయి.

సుమారు లెక్క: గోడ ఎమిసివిటీని, దానికి రంధ్రం నిష్పత్తీ గోడ ప్రతిఫలన శాతమూ గుణించినది కలిపి, ఆ మొత్తంతో భాగించాలి. ఉత్త స్టీలు గోడ 0.15 అనుకుంటే రంధ్రం 0.92 అవుతుంది. లోపల మసి పూస్తే 0.999. రంగు వేయకుండానే 0.15 కాస్తా 0.92కు చేరడం ఈ దశలోని మజా. రీడింగులో చెప్పాలంటే, బల్లపరుపు స్టీలు 43 డిగ్రీలు చూపించే చోట, రంధ్రం 94 చూపించాలి.

చూపించదు. రెండు మూడు డిగ్రీలు తక్కువే ఉంటుంది, ఎందుకంటే మూత నీళ్లలో లేదు. గుహ, అంటే గ్లాసూ మూతా కలిసిన బోలు, అంతా ఒకే వేడిలో ఉండాలన్నది ఈ లెక్కకు మూల షరతు. మూత మీద పాత దుప్పటి ముక్క కప్పితే కొంత నయం. ఇంకోటి, హైదరాబాదులో నీళ్లు 100కి మరగవు. సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు కాబట్టి 98 చిల్లరకే మరుగుతాయి. విజయవాడలో చేసేవాళ్లకు 100 రాసుకోవడం తప్పు కాదు, ఇక్కడ రాసుకుంటే తప్పు సెన్సార్ మీద పడుతుంది.

ఆవిరి పెద్ద బెడద. సెన్సార్ కిటికీ మీద మంచు పడితే అది రంధ్రాన్ని కాకుండా ఆ నీటి పొరనే చూస్తుంది. పలచని పాలిథీన్ కవరు ఒక పొర అడ్డం పెట్టాం. పాలిథీన్ పరారుణాన్ని చాలావరకు దాటనిస్తుంది. అద్దం, అక్రిలిక్ షీటు దాటనివ్వవు. కవరు వల్ల పోయే కొద్దిపాటి భాగాన్ని పొడి మసి ముఖం మీద కవరుతో ఒకసారి, లేకుండా ఒకసారి తీసి లెక్కగట్టుకోవాలి.

నాలుగో దశ: బల్బు, 0.5 ఓములు

ఫిలమెంటును సెన్సార్‌తో చూడలేం. బల్బు గాజు 5 మైక్రాన్లకు పైన గోడలాంటిది, సెన్సార్‌కు వేడి గాజే కనిపిస్తుంది. అందుకే దారి మార్చాలి. ఫిలమెంటు స్థిరంగా వెలుగుతున్నప్పుడు లోపలికి పోయే వాట్లు, బయటికి పోయే వాట్లు సమానం. వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే శక్తి వచ్చేస్తుంది. ఉష్ణోగ్రతకు ఫిలమెంటే థర్మామీటరు: టంగ్‌స్టన్ నిరోధం వేడితో పెరుగుతుంది. 300 కెల్విన్ దగ్గరి నిరోధానికి 1000 కెల్విన్ దగ్గర 4.4 రెట్లు, 1500కి 7.1, 2000కి 10, 2500కి 13.1 రెట్లు.

అంతా ఆధారపడేది ఆ చల్లటి నిరోధం మీద. ఈ బల్బుకు అది అర ఓము. మల్టీమీటరును ఓముల్లో పెట్టి కొలిస్తే 0.8 చూపిస్తుంది, అందులో 0.3 తీగలదే. దాంతో ఏమవుతుందో చూడండి: 12 వోల్టుల దగ్గర 6.86 ఓములు. 0.5తో భాగిస్తే 13.7 రెట్లు, అంటే 2600 కెల్విన్. 0.8తో భాగిస్తే 8.6 రెట్లు, అంటే 1760. తెల్లగా మండే ఫిలమెంటు 1760 ఉండదు.

కాబట్టి నాలుగు తీగల పద్ధతి. బల్బు అడుగు బొడిపెకు, ఇత్తడి ఒంటికి రెండేసి తీగలు సోల్డరు చేయాలి: ఒక జత కరెంటుకు, ఒక జత వోల్టేజి కొలతకు. స్ప్రింగు హోల్డరు వాడొద్దు, తుప్పు పట్టిన కాంటాక్టు ఒక్కటే 0.1 ఓము తినేస్తుంది. ఇత్తడిని ముందు ఎమరీతో గీకితేనే సోల్డరు పట్టుకుంటుంది. సోల్డరింగ్ ఐరన్ మూడు సెకన్లకు మించి ఆనిస్తే లోపలి సీలు పగిలి బయటి గాలి లోపలికి చొరబడుతుంది, అప్పుడు బల్బు మొదటి వెలుగుకే తెల్లపొగ కక్కి పోతుంది.

తర్వాత వరసగా 100 ఓముల రెసిస్టరు పెట్టి 20, 40, 60, 80, 100 మిల్లీఆంపియర్లు పంపాలి. 20 దగ్గర వచ్చేది 10 మిల్లీవోల్టులే, 200 మిల్లీవోల్టుల రేంజి అందుకే. 100 దగ్గరికి వచ్చేసరికి ఆ చిన్న కరెంటుకే ఫిలమెంటు కాస్త వేడెక్కి నిరోధం ఐదారు శాతం పెరిగి ఉంటుంది. నిరోధాన్ని కరెంటు వర్గానికి ఎదురుగా గీసి, గీతను సున్నా కరెంటు దాకా వెనక్కి పొడిగిస్తే అసలు విలువ దొరుకుతుంది. మాకు 33 డిగ్రీల గదిలో 0.514 ఓములు. పైన చెప్పిన నిరోధం రెట్ల పట్టిక 27 డిగ్రీలకు, అంటే 300 కెల్విన్‌కు రాసినది. టంగ్‌స్టన్‌కు డిగ్రీకి 0.45 శాతం చొప్పున సరిచేస్తే 0.50. ఎండాకాలం మధ్యాహ్నం చేసేవాళ్లు ఈ సవరణ మరిచిపోతే మూడు నాలుగు శాతం పోయినట్టే.

సరిచూసుకోవడానికి మీటర్లతో పని లేని దారి ఒకటుంది. గది పూర్తిగా చీకటి చేసి, కళ్లు అలవాటు పడ్డాక, వోల్టేజిని సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఫిలమెంటు మసక ఎరుపుగా మొట్టమొదట కనిపించే క్షణంలో ఆపండి. ఏ ఘన పదార్థమైనా సుమారు 525 సెల్సియస్ దగ్గరే కంటికి వెలగడం మొదలుపెడుతుందని డ్రేపర్ 1847లో చూపించాడు. అంటే 800 కెల్విన్, నిరోధం నిష్పత్తి 3.3 ప్రాంతం. మీకు 2 కిందో 4 పైనో వస్తే చల్లటి నిరోధం తప్పు కొలిచారన్నమాట, వెనక్కి వెళ్లండి.

ఐదో దశ: గ్రాఫు

చల్లటి బల్బుకు ఒక్కసారిగా 12 వోల్టులు ఇవ్వకండి. అర ఓముకు 24 ఆంపియర్లు కావాలి. సప్లై రక్షణలోకి పోయి టిక్కు టిక్కుమంటూ ఉంటుంది, లేదా ఫ్యూజు పోతుంది. కింది నుంచి పైకి పోవాలి, ప్రతి మెట్టు దగ్గర ఒక నిమిషం ఆగాలి. ఫిలమెంటు సెకనులోపే కుదురుకుంటుంది గానీ గాజు, లోపలి గ్యాసు కుదురుకోవడానికి ఆ నిమిషం పడుతుంది.

1.5 వోల్టులకు 0.54 ఆంపియర్లు: 0.81 వాట్లు, 1215 కెల్విన్.
3 వోల్టులకు 0.79: 2.37 వాట్లు, 1580 కెల్విన్.
6 వోల్టులకు 1.17: 7.0 వాట్లు, 2040 కెల్విన్.
12 వోల్టులకు 1.75: 21 వాట్లు, 2600 కెల్విన్.

వాట్లను కెల్విన్ ఉష్ణోగ్రతకు ఎదురుగా లాగ్-లాగ్ కాగితం మీద పెడితే కంటికి సరళరేఖే. ఆ కాగితం మీద గీత వాలే ఘాతం. మొదటి బిందువు నుంచి చివరి దాకా వాలు 4.3. చాలా రికార్డుల్లో ఇక్కడే "ప్రయోగ దోషాలతో 4" అని రాసి సంతకం పెట్టించుకుంటారు. ముక్కలుగా చూడండి: 1.5 నుంచి 3 వోల్టుల మధ్య వాలు 4.1, 3 నుంచి 6కి 4.3, 6 నుంచి 12కి 4.5. వాలు ఒకే దిక్కుకు పెరుగుతూ పోతోంది. మీటరు పొరపాట్లయితే అటూ ఇటూ ఊగాలి గానీ ఇలా క్రమం తప్పకుండా ఎక్కవు.

పైకి లాగుతున్నది టంగ్‌స్టన్ ఎమిసివిటీ. అది స్థిరం కాదు: 1000 కెల్విన్ దగ్గర 0.11, 2000 దగ్గర 0.26, 3000 దగ్గర 0.33. శక్తి నాలుగో ఘాతంతో పాటు దీన్ని కూడా మోసుకుపోతుంది కాబట్టి, ఒక్క వికిరణాన్నే చూస్తే వాలు 5 దగ్గర ఉండాలి. కిందికి లాగుతున్నది బల్బులోని గ్యాసు. ఆర్గాన్, క్రిప్టాన్ లాంటివి నింపిన బల్బులో ఫిలమెంటు వేడిని గ్యాసు కూడా మోసుకెళ్తుంది, ఫిలమెంటును నిలబెట్టే పాదాల తీగల గుండా కూడా కొంత పోతుంది. ఈ నష్టం ఉష్ణోగ్రత తేడాతో దాదాపు సూటిగా పెరుగుతుంది, నాలుగో ఘాతంతో కాదు. అందుకే తక్కువ వోల్టేజి దగ్గర దాని వాటా ఎక్కువ.

విడదీయడానికి రెండు తెలియని అంకెలు చాలు: ఫిలమెంటు వికిరణ వైశాల్యం, కెల్విన్‌కు గ్యాసు నష్టం. నాలుగు రీడింగులకూ ఒకేసారి సరిపోయేలా పట్టిక ఎమిసివిటీలతో లెక్కిస్తే వైశాల్యం 25 చదరపు మిల్లీమీటర్లు, గ్యాసు నష్టం కెల్విన్‌కు 0.37 మిల్లీవాట్లు వచ్చాయి. 12 వోల్టుల దగ్గర గ్యాసు వాటా 4 శాతమే. 1.5 వోల్టుల దగ్గర 42 శాతం! అక్కడ కొలుస్తున్నదాంట్లో సగం దాకా అసలు వికిరణమే కాదు. గ్యాసు వాటా తీసేశాక వాలు పై రెండు ముక్కల్లో 4.7, 4.8, అడుగు ముక్కలో 5.3. ఎమిసివిటీ అడుగున వేగంగా, పైన నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఈ వరస కూడా సబబే. చివరికి వైశాల్యం, ఎమిసివిటీలతో కూడా భాగిస్తే మిగిలేది 4. అంతే గానీ అది రీడింగుల్లోంచి నేరుగా రాలిపడదు.

ఒక లోపం ఒప్పుకోవాలి. గ్యాసు నష్టం నిజానికి పూర్తిగా సూటిగా పెరగదు, గ్యాసు వేడెక్కిన కొద్దీ దాని వాహకత కూడా పెరుగుతుంది. 0.37 అన్నది 1200 కెల్విన్ పైన సరిపోయే సగటు. 600 కెల్విన్ కింద దీన్నే వాడితే వికిరణం రుణసంఖ్యలోకి పోతుంది.

స్టెఫాన్ కథ కూడా ఇలాంటిదే కావడం విచిత్రం. ఆయన వాడుకున్నది టిండాల్ ప్లాటినం తీగ కొలతలు: మసక ఎరుపు నుంచి తెలుపు దాకా, అంటే 525 నుంచి 1200 సెల్సియస్‌కు, వికిరణం 11.7 రెట్లు పెరిగింది. 1473ను 798తో భాగించి నాలుగో ఘాతం తీయండి, 11.6 వస్తుంది. ఇంత చక్కగా కుదిరింది. కానీ ప్లాటినం నల్లటి వస్తువు కాదు, దాని ఎమిసివిటీ కూడా వేడితో పెరుగుతుంది. పైగా ఆ ఉష్ణోగ్రతలు తీగ రంగును చూసి అంచనా కట్టినవి. నియమం నిజమే, ఆ కుదురుబాటు మాత్రం అదృష్టం. గట్టి రుజువు కోసం 1890ల చివర్లో బెర్లిన్‌లో లుమ్మర్, ప్రింగ్‌షీమ్ గుహలను వేడిచేసి రంధ్రంలోంచి కొలవాల్సి వచ్చింది. మన స్టీలు గ్లాసుకు పెద్దన్నలవి.

మిగిలిన పనులు

గ్యాసు లేని, శూన్యం చేసిన బల్బుతో ఇదే వరస తీయాలి. అడుగున వాలు 4.1 బదులు 5 దాటాలి. దాటకపోతే మన 0.37లో పాదాల తీగల నష్టం వాటా అనుకున్నదానికన్నా ఎక్కువన్నమాట.

కరెంటును మల్టీమీటరు 10 ఆంపియర్ల రేంజిలో కాకుండా 0.1 ఓము, 5 వాట్ల షంటుతో, అంటే తన మీది వోల్టేజిని బట్టి కరెంటు లెక్కగట్టే చిన్న నిరోధంతో కొలవాలి. 1.75 ఆంపియర్లకు షంటులో 0.3 వాట్లు పోతాయి, అది వేడెక్కి విలువ మారకుండా ముందు పది నిమిషాలు నడిపి చూసుకోవాలి.

సెన్సార్‌ను రాత్రి మేడ మీద నిట్టనిలువుగా ఆకాశానికి చూపించే వరస కూడా బాకీ. పొడి శీతాకాలపు రాత్రి అది సున్నాకు చాలా దిగువన చూపిస్తుంది, వానాకాలపు మబ్బుకు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తుంది. 90 డిగ్రీల చూపులో పిట్టగోడ, నీళ్ల ట్యాంకు పడకుండా పిట్టగోడకు కనీసం మూడు మీటర్లు ఇవతల పెట్టాలి. సెన్సార్ చుట్టూ లోపల అల్యూమినియం టేపు అంటించిన కాగితం గొట్టం, 5 సెం.మీ. పొడవుది, తొడిగితే పక్క చూపు తగ్గుతుందేమో చూడాలి. ఆ గొట్టాన్ని మొదట మసి ముఖం మీద పరీక్షించాలి: తొడిగినా, తీసినా రీడింగ్ అర డిగ్రీకి మించి మారకూడదు.